కెంటకీ డెర్బీ: తెల్లారగట్ల లేచి చూస్తే గంటసేపు టోపీలు చూపించారు

కాలువగట్టు
ఈ బాధ ఎవరికి చెప్పుకోవాలో తెలీక ఇక్కడ రాస్తున్నా. అమెరికాలో జరిగే పెద్ద గుర్రప్పందెం కెంటకీ డెర్బీని ఈ 2025లోనైనా లైవ్‌లో చూద్దామని మూడున్నరకి అలారం పెట్టుకుని లేచాను. రేసు మన టైము ప్రకారం ఆదివారం తెల్లారగట్ల 4:27కి. డల్లాస్ నుంచి మా తమ్ముడు లింకు పంపాడు. లేచిన దగ్గర్నుంచి ఏం చూపించారో తెలుసా? టోపీలు. ఆడవాళ్ళ టోపీలు, మగవాళ్ళ టోపీలు, టోపీ మీద పువ్వులు, పువ్వుల మీద ఈకలు, వానకి ఆ ఈకలు తడవకుండా పైన కప్పిన ప్లాస్టిక్ కవర్లు. మధ్యమధ్యలో పుదీనా వేసి కలిపే మందు. మంచినీళ్ళ కోసం లేచిన మా ఆవిడ కూడా ఆ టోపీలు చూస్తూ మంచం మీదే కూర్చుండిపోయింది. గుర్రాల్ని ఎప్పుడు చూపిస్తార్రా అంటే చివర్లో గేట్ల దగ్గరికి తీసుకెళ్ళేటప్పుడు చూపించారు. సరే, గేట్లు తెరిచారు, బురద ఎగిరింది, చివరి మలుపు దగ్గరికి వచ్చారు, అక్కడ ఫోన్లో గుండ్రం తిరగడం మొదలెట్టింది. తిరిగి తిరిగి బొమ్మ వచ్చేసరికి బురదకొట్టుకుపోయిన నీలం చొక్కా జాకీ చెయ్యి పైకెత్తుతున్నాడు. రెండు నిమిషాల రేసులో నాకు దక్కింది నిమిషం ఇరవై సెకన్లు. ఆ మలుపు తర్వాత ఏం జరిగిందో ఎవరైనా మనిషి భాషలో చెప్పండి.

పూతరేకు
గంటసేపు టోపీలు చూపించి అసలు రేసు చూపించలేదంటే, టోపీ మీకే పెట్టారండీ.

దాళ్వా_రైతు
నాలుగింటికి నేనూ మెలకువగానే ఉన్నా. గాలివానకి ధాన్యం మీద బరకాలు లేచిపోతుంటే రాళ్ళు పెడుతున్నా. అక్కడ గుర్రాలు బురదలో, ఇక్కడ మేము బురదలో. మాకు కెమెరాలు లేవంతే తేడా.

భీమవరం_డేగ
జర్నలిజం అనే గుర్రం ఫేవరెట్ అన్నారు కదా, ఏమైంది? మా బావమరిదితో 500 కట్టాను దాని మీద.

మలక్‌పేట_మాజీ
చెప్తాను కాలువగట్టూ. పరిగెత్తినవి 19. గేట్లు తెరవగానే సిటిజన్ బుల్ ముందుకు లాగింది. గెలిచిన సావరిన్టీ అప్పుడెక్కడో పదహారో స్థానంలో ఉంది, దాన్ని టీవీ వాడు కూడా పట్టించుకోలేదు. ఫేవరెట్ జర్నలిజం మధ్యలో ఉంది. చివరి మలుపు తిరిగేటప్పుడు ముందున్నవన్నీ ఊపిరి అయిపోయి ఆగిపోతుంటే ఈ రెండూ బయటి వైపు నుంచి వచ్చాయి. ఓ క్షణం జర్నలిజందే అనిపించింది. దాని పక్కకే సావరిన్టీ వచ్చి కాసేపు జతగా పరిగెత్తి, ఆఖర్న విడిపించుకుని ఒకటిన్నర లెంతు తేడాతో పోయింది. లెంతు అంటే ఒక గుర్రం పొడవు. మూడోది బేజా. టైము 2:02.31. మీరు చూసిన నీలం చొక్కా గోడోల్ఫిన్ వాళ్ళది, అంటే దుబాయ్ షేక్ గారి సంస్థ. ఎన్నో ఏళ్ళ నుంచి ఈ డెర్బీ కోసం గుర్రాల్ని పంపుతున్నారు, ఇదే మొదటి గెలుపు. జాకీ జూనియర్ అల్వరాడోకి కూడా ఇదే మొదటిది. ట్రైనర్ బిల్ మాట్‌కి మాత్రం రెండోది, కానీ మొదటిది ఎలా వచ్చిందో అదో పెద్ద కథ, అడిగితే చెప్తా.

భీమవరం_డేగ
అంటే 500 పోయినట్టే.

నర్సాపురం_లేసు
జర్నలిజం మీద సార్వభౌమాధికారం గెలిచింది. రేపు మన పేపర్లలో ఇదే సంపాదకీయం.

సిన్సినాటి_లంక
కాలువగట్టు గారూ, మీరు ఇంట్లో మంచం మీద కూర్చుని నిమిషం ఇరవై సెకన్లు చూశారు. నేను అక్కడే ఉండి పది సెకన్లు చూశాను. మాది లంకల గన్నవరం వైపు, ఇప్పుడు సిన్సినాటిలో ఉంటున్నాం, డెర్బీ జరిగే లూయిస్‌విల్‌కి గంటా ముప్పావు కారు ప్రయాణం. స్నేహితులం నలుగురం కలిసి ఇన్‌ఫీల్డ్ టికెట్లు తీసుకున్నాం. ఇన్‌ఫీల్డ్ అంటే రేసు బాటకి మధ్యలో ఉండే మైదానం, అన్నిటికన్నా చవక టికెట్టు. పొద్దుట్నుంచీ వాన. గొడుగులు లోపలికి రానివ్వరు, అందుకని అందరం ప్లాస్టిక్ సంచులు తొడుక్కున్న మామిడి మొక్కల్లా నిలబడ్డాం. రేసు మొదలైందని జనం అరుపుని బట్టి తెలిసింది. కంచె దగ్గర నాలుగు వరసల మనుషులు. వాళ్ళ తలల మధ్య నుంచి ఒకసారి ఏవో బురద ముద్దలు కుడి నుంచి ఎడమకి పోయాయి, అంతే. మిగతాదంతా పెద్ద తెర మీద చూశాం. లక్షా 47 వేల మందికి పైగా వచ్చారట, అందులో గుర్రాన్ని చూసినవాళ్ళు సగం మంది ఉంటారా అని నా అనుమానం. మా ఫ్రెండు ఒకడు ఇంటికొచ్చాక యూట్యూబ్‌లో చూసి, ఓహో ఇది జరిగిందా అన్నాడు.

పూతరేకు
అయితే అక్కడికి వెళ్ళినవాళ్ళు కూడా టోపీలే చూశారన్నమాట. మరి టీవీ వాడిని ఎందుకు తిడుతున్నారు, ఉన్నదే చూపించాడు.

కాలువగట్టు
ఉన్నదంతా చూపించమనండి మరి. 19 గుర్రాలకి 19 కథలుంటాయి. ఏది ఎక్కడ పుట్టింది, దేనికి బురద పడుతుంది, ఏది వెనక నుంచి వచ్చే రకం, ఇవి చెప్తే నాలాంటివాడికి రేసు అర్థమవుతుంది. రెండే రెండు నిమిషాల్లో అవన్నీ చెప్పలేరు కాబట్టే ముందు గంట ఉంది. ఆ గంట టోపీలకిచ్చారు.

పూతరేకు
మీరు ఏమైనా అనుకోండి, ఆ గంటా గుర్రాలు చూపిస్తే మా ఇంట్లో ఎవరూ చూడరు. నాకు గోధుమ రంగు గుర్రానికీ ఇంకో గోధుమ రంగు గుర్రానికీ తేడా తెలీదు. సంక్రాంతికి మన బరుల దగ్గర మాత్రం ఏం చూపిస్తారు? కోడి కనిపించేది ఎంతసేపు? మిగతా అంతా ఎల్‌ఈడీ తెరల మీద ఎవరొచ్చారు, ఏ కారులో దిగారు, ఎవరి మెళ్ళో ఎంత బంగారం ఉంది. డ్రోన్ అయితే కోడి మీద కన్నా పార్కింగ్ మీదే ఎక్కువ తిరుగుతుంది.

భీమవరం_డేగ
అక్కా ఆ మాట అనకండి. బరి దగ్గర నిలబడ్డవాడికి రంగు తెలుసు, జాతి తెలుసు, ఏ జాముకి ఏ రంగు గెలుస్తుందో కూడా మా పెద్దనాన్న లెక్క కడతాడు. డేగకీ నెమలికీ తేడా తెలీనివాడు పందానికే రాడు. ఇంతకీ అమెరికావాళ్ళు చేస్తే స్పోర్ట్సు, మనం చేస్తే కేసు. ఇదెక్కడి న్యాయం?

మలక్‌పేట_మాజీ
డేగా, గుర్రానికి కత్తి కట్టరయ్యా. అదీగాక మన దేశంలో కూడా గుర్రప్పందెం నేరం కాదు. 1996లో సుప్రీంకోర్టు తమిళనాడు కేసులో ఇది అదృష్టం ఆట కాదు, నైపుణ్యం ఆట అని తేల్చింది. అందుకే హైదరాబాదు మలక్‌పేట రేసుకోర్సులో టికెట్టు కొనుక్కుని లోపలికి పోయి కట్టొచ్చు.

భీమవరం_డేగ
కత్తి కట్టకపోతే ఏం, చెర్నాకోల ఉందిగా.

నర్సాపురం_లేసు
మాజీ బాబాయ్, నైపుణ్యం ఆట అయితే మీరు ఈపాటికి మేడలు కట్టుండాలే.

మలక్‌పేట_మాజీ
నైపుణ్యం గుర్రానిదీ జాకీదీ. నాది కాదు. ఇరవై రెండేళ్ళు హైదరాబాదులో ఉద్యోగం చేశాను, ఆదివారం అయితే మలక్‌పేటే. అక్కడ రేసు లేని రోజున కూడా బొంబాయి రేసులో బెంగుళూరు రేసులో టీవీ తెరల మీద నడుస్తుంటాయి, వాటి మీదా కట్టొచ్చు. ఆ తెరల కింద నిలబడి నేను పోగొట్టుకున్న డబ్బుతో తణుకులో అయిదు సెంట్ల స్థలం వచ్చేది. ఇప్పుడు తణుకులోనే ఉంటున్నా, ఆ స్థలం ముందు నుంచే రోజూ పాలకి వెళ్తా, అందులో వేరేవాళ్ళు కొబ్బరి మొక్కలు వేశారు. అందుకని డేగ 500 దగ్గరే ఆగితే మంచిది. ఒక్కటి మాత్రం చెప్తా, ఆ తెరల్లో టోపీలు ఉండేవి కావు. గుర్రాలు నడుస్తుంటే చూపించేవాళ్ళు, ఏది చెమట పట్టింది, ఏది చెవులు వెనక్కి పెట్టింది చూసుకునేవాళ్ళం. డబ్బు కట్టేవాడి కోసం తీసిన టీవీ వేరు, ఇంటిల్లిపాదికీ తీసిన టీవీ వేరు. కెంటకీ ప్రసారం రెండో రకం.

కాలువగట్టు
ఇది బాగా చెప్పారు బాబాయ్. బిల్ మాట్ మొదటి గెలుపు, ఆ 2019 కథ కూడా చెప్పేయండి.

మలక్‌పేట_మాజీ
2019లో మొదట వచ్చింది మాగ్జిమం సెక్యూరిటీ. జాకీ చెయ్యి ఊపేశాడు, జనం అరిచేశారు. ఈలోపు అబ్జెక్షన్ పడింది, చివరి మలుపు దగ్గర పక్కకి జరిగి వేరే గుర్రాల దారికి అడ్డం పడిందని. ఇరవై రెండు నిమిషాలు స్టివార్డులు, అంటే రేసు అంపైర్లు, వీడియో తిప్పి తిప్పి చూశారు. టీవీ వాడికి చూపించడానికి ఏమీ లేదు, అదే మలుపు, అదే కాలు, ఓనర్ల మొహాలు. చివరికి దాన్ని 17వ స్థానానికి దింపి, రెండోదిగా వచ్చిన కంట్రీ హౌస్‌కి ఇచ్చారు. దాని పందెం ధర 65కి 1, అంటే డాలరు కడితే 65 డాలర్ల లాభం. రేసులో చేసిన తప్పుకి డెర్బీ విజేతని దింపేయడం అదే మొదటిసారి. ఆ కంట్రీ హౌస్ ట్రైనరే ఈ బిల్ మాట్. అంటే ఆయన గుర్రం గీత ముందు దాటి గెలవడం ఇదే మొదలు. నాకు తెలిసి టీవీలో చూసిన రేసుల్లో ఆ ఇరవై రెండు నిమిషాలంత టెన్షన్ ఎప్పుడూ లేదు, అందులో ఒక్క టోపీ కూడా లేదు.

సిన్సినాటి_లంక
2022 కూడా చెప్పండి మాజీ గారూ, అది టీవీ వాడికే దెబ్బ.

మలక్‌పేట_మాజీ
రిచ్ స్ట్రైక్. అసలు రేసులోనే లేని గుర్రం. ముందు రోజు పొద్దున ఒక గుర్రాన్ని తప్పిస్తే ఆ ఖాళీలో దూరింది. ఒకప్పుడు 30,000 డాలర్లకి చేతులు మారిన గుర్రం, ధర 80కి 1. కామెంటరీ ఆయన ముందున్న ఎపిసెంటర్, జాండన్ పేర్లు పట్టుకుని వేలాడుతుంటే ఇది లోపలి కంచె పక్కన, శనివారం సంతలో సైకిల్ తోలే కుర్రాడిలా సందు చూసుకుని దూరి దూరి వచ్చింది. గీత ఇంకో నాలుగు అంగలు ఉందనగా ఆయన కంటికి ఆనింది. లైవ్‌లో మనకీ అంతే, ఎక్కడ్నుంచి వచ్చిందో తెలీలేదు. తర్వాత పై నుంచి తీసిన వీడియో వేశారు. కాలువగట్టూ, అది వెతుక్కుని చూడండి. ఎంత కోపం వచ్చినా ఆ ఒక్క కెమెరాకి దండం పెడతారు. ఆ రోజు 2 డాలర్లు కట్టినవాడికి 163.60 వచ్చాయి.

నర్సాపురం_లేసు
ఇప్పుడే చూశా. మూడుసార్లు చూశా. ఒళ్ళు జలదరించింది. మధ్యలో ఒకచోట గుర్రాన్ని పక్కకి తిప్పుతాడు చూడండి, అక్కడ.

పశువుల_డాక్టరు
గెలిచాక రిచ్ స్ట్రైక్ పక్కన వచ్చిన తోడు గుర్రాన్ని కొరకడం, దాన్ని ఆపడానికి ఆ తోడు గుర్రం మీది రౌతు కొట్టడం కూడా అదే ప్రసారంలో వచ్చింది, దాని మీద పెద్ద గొడవైంది. నేను మొదట్నుంచీ చదువుతున్నా, ఒక్కరూ గుర్రం వైపు నుంచి మాట్లాడలేదు. 2023లో డెర్బీ రోజుల్లో అదే మైదానంలో పన్నెండు గుర్రాలు చచ్చిపోతే, జూన్‌లో మిగతా రేసుల్ని వేరే ఊరికి మార్చారు. మూడేళ్ళ గుర్రం అంటే ఇంకా ఎముక పూర్తిగా ముదరని పిల్ల. బురదలో కాలు జారితే దాని బరువంతా ఆ సన్నటి కాలి మీదే. గుర్రానికి కాలు విరిగితే ఆవుని పడుకోబెట్టినట్టు పడుకోబెట్టి బాగుచెయ్యలేం, మూడు కాళ్ళ మీద ఎక్కువ కాలం నిలబడలేదు, మంచి కాళ్ళు కూడా పాడవుతాయి. ఆ సంగతి ప్రసారంలో ఎంతసేపు చెప్పారు?

మలక్‌పేట_మాజీ
డాక్టరు గారు చెప్పింది కాదనను. మన ఇండియన్ డెర్బీ ఫిబ్రవరిలో, నాలుగేళ్ళ గుర్రాలకి, ముంబయి మహాలక్ష్మి రేసుకోర్సులో పచ్చిక మీద. అక్కడ మూడేళ్ళ వాటికి, మట్టి మీద. మనది దూరం ఎక్కువ, 2400 మీటర్లు, వాళ్ళది 2000కి కాస్త పైన. అయినా మనదే నయం అనిపిస్తుంది.

దాళ్వా_రైతు
ధాన్యం సగం తడిసింది. ఇప్పుడే చదివా మొత్తం. గుర్రాలకి కూడా జాతి చూస్తారా కోళ్ళకి చూసినట్టు?

భీమవరం_డేగ
చూడ్డమేంటి, ఈ రేసులో పేరు ఇచ్చిన ప్రతి గుర్రమూ సెక్రటేరియట్ అనే గుర్రం వంశమేనట. 1973 డెర్బీలో అది పెట్టిన 1:59.4 రికార్డు ఇంకా ఎవరూ కొట్టలేదు. మా పెద్దనాన్నకి చెప్తే, మంచి పుంజు ఒకటి దొరికితే ఊరంతా దాని పిల్లలే అన్నాడు.

కాలువగట్టు
థ్రెడ్ మళ్ళీ పైకి తెస్తున్నా. గెలిచిన జాకీకి 62,000 డాలర్ల జరిమానా వేశారు, చూశారా? మన డబ్బులో యాభై లక్షలు దాటుతుంది. కొరడాతో ఆరు దెబ్బలే కొట్టాలని రూలు, ఎనిమిది కొట్టాడట. రెండు రోజులు సస్పెన్షన్ కూడా. ఎక్కువైన ఒక్కో దెబ్బ పాతిక లక్షలు.

భీమవరం_డేగ
నేను ముందే చెప్పా చెర్నాకోల అని.

నర్సాపురం_లేసు
తప్పు అయితే గుర్రాన్ని దింపాలి కదా? 2019లో పక్కకి జరిగితే దింపేశారు, ఇప్పుడు ఎక్కువ కొట్టి గెలిస్తే డబ్బు కట్టి పొమ్మన్నారు. గెలిచినందుకు జాకీ వాటా ఎంత వస్తుంది?

మలక్‌పేట_మాజీ
మొదటి బహుమతి 31 లక్షల డాలర్లు, అందులో జాకీకి పదో వంతు. ఆ వాటాలో ఐదో వంతు జరిమానా పోయింది. మిగిలింది తక్కువేం కాదు. పక్కకి జరిగితే వేరే గుర్రం పడిపోవచ్చు, అందుకని దింపుతారు. దెబ్బ తగిలేది తన గుర్రానికే కాబట్టి డబ్బుతో వదిలేశారేమో. లేసు అడిగింది న్యాయమే, నాకూ అది నచ్చలేదు.

కాలువగట్టు
మా తాత తాడేపల్లిగూడెం స్టేషన్ దగ్గర జట్కా తోలేవాడు. ఆయన చేతిలో ఎప్పుడూ చెర్నాకోల ఉండేది, కానీ నేను చూసినంతలో గుర్రం మీద పడటం తక్కువ. దాని కర్ర తిరగేసి చక్రం పుల్లల్లో పెట్టేవాడు, టకటకటక అని చప్పుడు వచ్చేది. జనం తప్పుకునేవాళ్ళు, గుర్రానికి కూడా ఆ చప్పుడే సైగ, వెంటనే పరుగందుకునేది. అడిగితే, కొడితే రేపు లాగదురా అనేవాడు. అది జాతి గుర్రం కాదు, ఎముకలు కనపడే తట్టు. అది చచ్చిపోయాక ఆయన ఇంకో గుర్రాన్ని కొనలేదు, అప్పటికి రిక్షాలు వచ్చేశాయి. నేను నాలుగింటికి లేచి గుర్రాలు చూడ్డానికి కారణం అదేనేమో. టోపీల మీద అంత కోపం రావడానికి కూడా.

పూతరేకు
ఈ ముక్క ముందే చెప్పుంటే నేను టోపీల తరఫున అంత వాదించేదాన్ని కాదు కదండీ.

పశువుల_డాక్టరు
మీ తాతగారికి అక్కడ స్టివార్డు ఉద్యోగం ఇవ్వాల్సింది.

సిన్సినాటి_లంక
డెర్బీ తర్వాత వచ్చే రెండో పెద్ద రేసు ప్రీక్‌నెస్‌లో సావరిన్టీ పరిగెత్తట్లేదు. రెండు వారాలే విరామం అని ట్రైనర్ ఆపేశాడు. ఇక్కడ ఆఫీసులో అందరూ తిడుతున్నారు, డెర్బీ, ప్రీక్‌నెస్, బెల్మాంట్ మూడు రేసులూ గెలిచే ఛాన్సు వదిలేశాడని. ఆ మూడూ గెలిచినవి ఇప్పటిదాకా పదమూడే, చివరిది 2018లో జస్టిఫై.

భీమవరం_డేగ
భయపడ్డాడు.

పశువుల_డాక్టరు
భయం కాదు, బుద్ధి. డేగ గారు సంక్రాంతికి భోగి రోజు గెలిచిన పుంజుని కనుమకి మళ్ళీ దింపుతారా?

భీమవరం_డేగ
దింపం.

మలక్‌పేట_మాజీ
ప్రీక్‌నెస్ చూసినవాళ్ళున్నారా? జర్నలిజం చివరి మలుపులో రెండు గుర్రాల మధ్య ఇరుక్కుని, అటూ ఇటూ గుద్దుకుని, ఇక అయిపోయింది అనుకున్నాక లేచి గాస్గర్‌ని అర లెంతుతో కొట్టింది. ఎప్పుడూ సీటులోంచి లేవని నేను లేచి నిలబడ్డా.

భీమవరం_డేగ
బావమరిది దగ్గర 500 తిరిగొచ్చింది. ఇక ఆపేశా బాబాయ్, ఒట్టు.

కాలువగట్టు
బెల్మాంట్ రిపోర్టు. ఈసారి సారటోగాలో జరిగింది, అసలు మైదానం మళ్ళీ కడుతున్నారట, దూరం కూడా తగ్గించి డెర్బీకి సమానం చేశారు. ఈసారి గేట్లు తెరవడానికి పది నిమిషాల ముందే లేచాను. ఫోను వదిలేసి మా అబ్బాయి ల్యాప్‌టాప్‌కి వైరు తగిలించాను. ఒక్కసారి కూడా ఆగలేదు. సావరిన్టీ, జర్నలిజం, బేజా, డెర్బీలో వచ్చిన వరసలోనే మళ్ళీ వచ్చాయి. చివరి మలుపు ఈసారి నా కళ్ళతో చూశాను. నీలం చొక్కా శుభ్రంగా ఉంది. మా ఆవిడ మాత్రం అలిగింది, టోపీలు అయిపోయాక లేపానని.

పూతరేకు
వదినగారిని వచ్చే మే నెలలో మూడింటికే లేపండి.